బ్రోకర్‌కి స్టాండ్‌బై సెట్టింగులన్నీ అప్పగించాలా? ఒకసారి దెబ్బ తిన్నాక అడుగుతున్నాను

రాత్రి_షిఫ్ట్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లుగా ఒరాకిల్ డీబీఏగా (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా) పని చేస్తున్నాను. మా దగ్గర ఒక ప్రైమరీ (అసలు డేటాబేస్), వేరే డేటా సెంటర్లో ఒక ఫిజికల్ స్టాండ్‌బై (దాని అచ్చు నకలు) ఉన్నాయి. రెండూ 19సీ వెర్షన్, రాక్ (ఒకే డేటాబేస్‌ని చాలా సర్వర్ల మీద నడపడం) లేదు, గ్రిడ్ (ఆగిన డేటాబేస్‌ని తానే లేపే ఒరాకిల్ సాఫ్ట్‌వేర్) కూడా లేదు. చాలా ఏళ్లు డేటా గార్డ్ (ప్రైమరీలోని మార్పుల్ని స్టాండ్‌బైకి చేర్చే ఒరాకిల్ ఏర్పాటు) మొత్తం నా చేతి స్క్రిప్టులతోనే నడిచింది. మూడు నెలల క్రితం ఒక కొలీగ్ డేటా గార్డ్ బ్రోకర్ (ఆ ఏర్పాటుని మన తరఫున నడిపే టూల్) కాన్ఫిగర్ చేసి, తర్వాత వేరే టీమ్‌కి వెళ్లిపోయారు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పాత అలవాటు ప్రకారం ఎస్‌క్యూఎల్ ప్లస్‌లోనే (డేటాబేస్‌కి నేరుగా కమాండ్లిచ్చే టూల్) పని చేసుకుంటూ వచ్చాను.

మొన్న శనివారం రాత్రి రిలీజ్ ఉంది. రిలీజ్‌కి ముందు స్టాండ్‌బైలో రీడో అప్లై (ప్రైమరీ నుంచి వచ్చిన మార్పుల రికార్డుని, అంటే రీడోని, ఎక్కించడం) ఆపేసి ఉంచడం మాకు ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ప్రైమరీలో ఏదైనా తేడా కొడితే పాత డేటా అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుందనే ధైర్యం. రాత్రి పదిన్నరకి స్టాండ్‌బైలో లాగిన్ అయి, 'రికవర్ మేనేజ్డ్ స్టాండ్‌బై డేటాబేస్ క్యాన్సిల్' కొట్టాను. ఎంఆర్‌పీ (రీడోని అప్లై చేసే ప్రాసెస్) ఆగిపోయిందని చూసుకున్నాకే రిలీజ్ మొదలుపెట్టాం. మధ్యలో సర్వర్ టీమ్ వాళ్లు స్టాండ్‌బై మెషిన్‌కి కెర్నల్ ప్యాచ్ వేసి రీబూట్ చేశారు. ఆ సంగతి ముందే మెయిల్లో చెప్పారు. మా స్టార్టప్ స్క్రిప్ట్ డేటాబేస్‌ని మౌంట్ వరకే (పూర్తిగా తెరవకుండా) తెస్తుంది, అప్లై మొదలుపెట్టదు. అందుకే నాకు టెన్షన్ అనిపించలేదు.

రెండు గంటలకి అప్లికేషన్ టీమ్ నుంచి ఫోన్. ఒక అప్‌డేట్‌లో వేర్ కండిషన్ తప్పింది, టేబుల్ మొత్తం మారిపోయింది. ముందు ప్రైమరీలోనే పాత సమయానికి వెనక్కి వెళ్లి క్వెరీ చేశాను. ఓరా-01555 (పాత డేటా ఇక దొరకదనే ఎర్రర్) వచ్చింది. రిలీజ్‌లో నడిచిన పెద్ద పెద్ద అప్‌డేట్లకి అన్‌డూలో (పాత విలువలు కొంతకాలం ఉండే చోటు) ఉన్నవన్నీ అప్పటికే చెరిగిపోయాయి. సరే, స్టాండ్‌బై ఉంది కదా అని దాన్ని రీడ్ ఓన్లీలో తెరవబోతే ఎంఆర్‌పీ నడుస్తోంది. దాన్ని ఆపి, తెరిచి చూస్తే ఆ టేబుల్లో కొత్త విలువలే ఉన్నాయి. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి.

అలర్ట్ లాగ్ తెరిస్తే, రీబూట్ అయిన కాసేపటికే అప్లై మొదలుపెట్టే కమాండ్ కనిపించింది. అది నేనిచ్చింది కాదు, మా స్క్రిప్ట్ ఇచ్చింది కూడా కాదు. బ్రోకర్ ఇచ్చింది. ఫ్లాష్‌బ్యాక్ డేటాబేస్ (డేటాబేస్ మొత్తాన్ని పాత సమయానికి వెనక్కి తిప్పే ఫీచర్) ఆన్‌లో లేదు. చివరికి ఆర్‌మ్యాన్ బ్యాకప్‌ని టెస్ట్ సర్వర్‌ మీద రీస్టోర్ చేసి, ఆ టేబుల్ వెనక్కి తెచ్చేసరికి ఆదివారం ఉదయం తొమ్మిదీ నలభై అయింది.

ఇప్పుడు నా ప్రశ్న. బ్రోకర్‌ని తీసేసి పాత స్క్రిప్టులకి వెళ్లిపోవాలా? లేక అన్ని సెట్టింగులూ దాని చేతికే ఇచ్చేయాలా? మా మేనేజర్ ఇంకో అడుగు ముందుకేసి ఫాస్ట్-స్టార్ట్ ఫెయిలోవర్ (ప్రైమరీ పోతే మనిషి ప్రమేయం లేకుండా స్టాండ్‌బైని ప్రైమరీగా మార్చే ఫీచర్) కూడా పెట్టమంటున్నారు. అప్లై ఆపిన విషయమే గుర్తుంచుకోని టూల్‌కి ఫెయిలోవర్ ఎలా అప్పగిస్తాం?

కమాండ్‌లైన్:

తీసేయండి. ఒక ప్రైమరీ, ఒక స్టాండ్‌బై ఉన్నచోట బ్రోకర్ అవసరం లేదని నా అభిప్రాయం. లాగ్_ఆర్కైవ్_డెస్ట్_2 (రీడోని ఎక్కడికి పంపాలో చెప్పేది), ఫాల్_సర్వర్, లాగ్_ఆర్కైవ్_కాన్ఫిగ్, ఈ మూడు పారామీటర్లూ అర్థమైతే డేటా గార్డ్ సగం అర్థమైనట్టే. మన చేత్తో రాసిన సెట్టింగ్ ఎక్కడుందో మనకి తెలుస్తుంది. అర్ధరాత్రి ఏదైనా చెడిపోతే, మనం ఏం చేశామో గుర్తు తెచ్చుకుంటే చాలు. మధ్యలో ఇంకొకరు ఏం చేశారో వెతకాల్సిన పని ఉండదు.

పాత_డీబీఏ:

మీ ఆదివారం ఉదయం ఎలా గడిచి ఉంటుందో ఊహించగలను. ఇలాంటి రాత్రులు నాకూ ఉన్నాయి. కానీ అప్లై ఆపిన విషయం బ్రోకర్ మర్చిపోయిందన్న మాట మాత్రం సరికాదు. ఆ విషయం దానికి ఎవరూ చెప్పలేదు.

బ్రోకర్‌కి సొంత చిట్టా ఒకటి ఉంటుంది. డీజీ_బ్రోకర్_కాన్ఫిగ్_ఫైల్1, ఫైల్2 అని రెండు పారామీటర్లు చూసే ఉంటారు, ఆ ఫైళ్లే చిట్టా. రెండెందుకంటే, ఒకదాంట్లో కొత్త మార్పు రాసేటప్పుడు రెండోదాంట్లో చివరిసారి సరిగ్గా ఉన్న స్థితి భద్రంగా ఉంటుంది. స్టాండ్‌బై ఏ స్థితిలో ఉండాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. మీ చిట్టాలో 'అప్లై-ఆన్' అని ఉంది. మీరు ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో కొట్టిన క్యాన్సిల్ నడుస్తున్న ఎంఆర్‌పీని ఆపింది, అంతే. చిట్టాలో అక్షరం మారలేదు. మెషిన్ రీబూట్ అయ్యాక బ్రోకర్ తాలూకు డీమాన్ ప్రాసెస్ లేచి చిట్టా చదివింది, అప్లై నడవాలని రాసి ఉంది కాబట్టి నడిపింది.

ఇంకో మాట. పదిన్నరకీ రీబూట్‌కీ మధ్య ఎవరైనా డీజీఎంజీఆర్‌ఎల్‌లో (బ్రోకర్‌కి కమాండ్లిచ్చే టూల్) 'షో కాన్ఫిగరేషన్' కొట్టి ఉంటే, స్టాండ్‌బై దగ్గర ఓరా-16766 కనిపించేది. రీడో అప్లై ఆగిపోయింది అని దాని అర్థం. ఉండాల్సిన స్థితి ఒకటి, ఉన్న స్థితి ఇంకొకటి అని అది చెబుతూనే ఉంది. వినే మనిషి అక్కడ లేరు.

మీరు చేయాల్సింది ఇది: డీజీఎంజీఆర్‌ఎల్‌లోకి వెళ్లి, 'ఎడిట్ డేటాబేస్' అని స్టాండ్‌బై పేరు ఇచ్చి, 'సెట్ స్టేట్ అప్లై-ఆఫ్' చేయాలి. అప్పుడది చిట్టాలోకి ఎక్కుతుంది, రీబూట్ అయినా అలాగే ఉంటుంది. రీడో షిప్పింగ్ (స్టాండ్‌బైకి పంపడం) ఆపాలన్నా ఇదే దారి. డెస్ట్ స్టేట్‌ని డిఫర్ చేయడం కాదు, ప్రైమరీకి 'ట్రాన్స్‌పోర్ట్-ఆఫ్' పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, స్టాండ్‌బైలో ఫ్లాష్‌బ్యాక్ ఆన్ చేయండి. చేసి ఉంటే, రీడో అప్లై అయిపోయినా మీకు నష్టం లేదు. అప్లై ఆపి, స్టాండ్‌బైని రిలీజ్‌కి ముందు సమయానికి వెనక్కి తిప్పి, రీడ్ ఓన్లీలో తెరిచి, కావాల్సిన టేబుల్ బయటికి తీసుకుని, మళ్ళీ అప్లై మొదలుపెడితే అదే ప్రైమరీని అందుకుంటుంది. గంటలో తేలే పని. అప్లై ఆపి ఉంచడమొక్కటే రక్షణ అనుకోవడం ఫ్లాష్‌బ్యాక్ లేని రోజుల్లోని పద్ధతి.

ఇక అసలు ప్రశ్న. ఉంచాలా తీసేయాలా అన్నదానికి ఏ జవాబైనా ఫరవాలేదు. ప్రమాదమంతా రెండు పడవల మీద కాళ్లు పెట్టడంలో ఉంది. మీకు జరిగిందీ అదే, ఒకప్పుడు నాకు జరిగిందీ అదే. మా లింక్ చాలా సన్నది. రీడోని కంప్రెస్ చేసి పంపాలని, ఆల్టర్ సిస్టమ్‌తో లాగ్_ఆర్కైవ్_డెస్ట్_2 చివర కంప్రెషన్ ఎనేబుల్ అని చేర్చాను. లాగ్ వెంటనే తగ్గింది, సంతోషించాను. (ఇక్కడ లాగ్ అంటే వెనకబాటు, లాగ్ ఫైల్ కాదు.) బ్రోకర్ మాత్రం ఆ రోజు నుంచి ఓరా-16792 వార్నింగ్ (డేటాబేస్‌లోని విలువ, బ్రోకర్ విలువ ఒకటి కాదని) చూపిస్తూనే ఉంది. వార్నింగే కదా, ఎర్రర్ కాదు కదా అని వదిలేశాను. కొన్నాళ్లకి స్విచోవర్ (ప్రైమరీ, స్టాండ్‌బై పాత్రలు మార్చడం) చేశాం. కొత్త ప్రైమరీలో డెస్టినేషన్‌ని బ్రోకర్ తన చిట్టా ప్రకారం రాసింది. కంప్రెషన్ లేదు. మధ్యాహ్నానికి నాలుగు గంటల లాగ్! 'రీడోకంప్రెషన్' అనే ప్రాపర్టీ ఉందని నాకు అప్పటికి తెలియదు. డీజీఎంజీఆర్‌ఎల్‌లో అది రెండు డేటాబేసులకీ ఎనేబుల్ చేసి ఉంటే ఇద్దరికీ వర్తించేది.

అప్పటి నుంచి నాకో అలవాటు ఉంది. కాన్ఫిగరేషన్‌లోని ప్రతి డేటాబేస్‌కీ 'ఇన్‌కన్సిస్టెంట్ ప్రాపర్టీస్' అడిగి చూస్తాను. చిన్న పట్టిక ఒకటి వస్తుంది: ప్రాపర్టీ పేరు, మెమరీలో ఉన్న విలువ, ఎస్‌పీ ఫైల్లో (డిస్క్ మీది సెట్టింగుల ఫైల్) ఉన్న విలువ, బ్రోకర్ దగ్గరున్న విలువ. మూడు విలువలు పక్కపక్కనే. ఎవరి మాట ఎక్కడ తేడా పడిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ పట్టిక ఖాళీగా వస్తేనే నాకు నిద్ర పడుతుంది.

బ్రోకర్ ఏం చూసుకోదో కూడా తెలిసి ఉండాలి. స్టాండ్‌బై రీడో లాగ్‌లు (వచ్చిన రీడో స్టాండ్‌బైలో పడే ఫైళ్లు) అది సృష్టించదు. ఆన్‌లైన్ రీడో లాగ్ గ్రూపుల కంటే ఒకటి ఎక్కువ, అదే సైజులో, రెండు వైపులా మీరే పెట్టాలి. ఫోర్స్ లాగింగ్ (ప్రతి మార్పూ రీడోలో పడేలా చేసేది) మీరే ఆన్ చేయాలి. టీఎన్‌ఎస్ ఎంట్రీలు (డేటాబేసుల చిరునామాలు), లిజనర్‌లో (కనెక్షన్లు అందుకునే ప్రోగ్రామ్) స్టాటిక్ ఎంట్రీ మీ బాధ్యతే. మీకు గ్రిడ్ లేదన్నారు కాబట్టి ఈ స్టాటిక్ ఎంట్రీ దగ్గర జాగ్రత్త. స్విచోవర్‌లో పాత ప్రైమరీని ఆపి మళ్ళీ లేపాలి. ఆగి ఉన్న ఇన్‌స్టెన్స్‌ని బ్రోకర్ చేరుకునేది ఆ ఎంట్రీ ద్వారానే. డేటాబేస్ యూనిక్ పేరు చివర '_డీజీఎంజీఆర్‌ఎల్' చేర్చిన సర్వీస్ కోసం అది వెతుకుతుంది.

19సీలో ఒక మార్పు వచ్చింది, పాత నోట్స్ పట్టుకుని పని చేసేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. స్టాండ్‌బై_ఫైల్_మేనేజ్‌మెంట్, ఫైల్ నేమ్ కన్వర్ట్ పారామీటర్లు లాంటి కొన్నిటిని బ్రోకర్ తన చిట్టాలో దాచుకోవడం మానేసింది. అవి ఇప్పుడు మామూలు ఇనిషియలైజేషన్ పారామీటర్లే. డీజీఎంజీఆర్‌ఎల్ నుంచి మార్చాలంటే 'సెట్ ప్రాపర్టీ' కాకుండా 'సెట్ పారామీటర్' వాడాలి. అంటే స్టాండ్‌బై_ఫైల్_మేనేజ్‌మెంట్ ఎక్కడైనా మాన్యువల్‌లో ఉండిపోతే, బ్రోకర్ చూసుకుంటుందిలే అని కూర్చోకూడదు. ప్రైమరీలో ఎవరో ఒక డేటాఫైల్ కలుపుతారు, స్టాండ్‌బైలో అది 'అన్‌నేమ్డ్' అనే పేరుతో పుడుతుంది, అప్లై అక్కడితో ఆగిపోతుంది.

కమాండ్‌లైన్:

పాత_డీబీఏ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం వదలను. స్విచోవర్ మధ్యలో బ్రోకర్ చేతులెత్తేస్తే, మిగతా సగం చేత్తో పూర్తి చేయడం రావాలి. బ్రోకర్‌తోనే నేర్చుకున్న కొత్తవాళ్లని చూశాను. అంతా బాగున్నంతవరకు బాగుంటారు, ఎక్కడైనా ఆగితే ఏ సైడ్ ఏ రోల్‌లో ఉందో కూడా చూసుకోలేరు.

పాత_డీబీఏ:

అందులో మనిద్దరికీ తేడా లేదు. టెస్ట్‌లో ప్రతి ఒక్కరి చేతా ఒకసారి చేత్తో స్విచోవర్ చేయించాకే బ్రోకర్ చూపిస్తాను. చేత్తో రావాలి. కానీ ప్రొడక్షన్‌లో బ్రోకర్ ఉన్నాక చేత్తో ముట్టుకోకూడదు. బ్రోకర్ ఆగిపోయింది, చేత్తోనే చేయాలి అనుకుంటే, ముందు కాన్ఫిగరేషన్‌ని డిసేబుల్ చేయాలి, ఆ తర్వాతే ఎస్‌క్యూఎల్ ప్లస్ తెరవాలి.

వాల్_వారధి:

నేను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వైపు నుంచి వచ్చాను. మా దగ్గర పాట్రోనితో (పోస్ట్‌గ్రెస్ ఫెయిలోవర్ చూసుకునే టూల్) కూడా ఇదే కథ, అందుకే రాస్తున్నాను.

ఒక జూనియర్ మ్యాక్స్_కనెక్షన్స్ పెంచడానికి ఆల్టర్ సిస్టమ్ వాడారు, రీస్టార్ట్ చేశారు, చూస్తే పాత విలువే. మళ్ళీ చేశారు, మళ్ళీ పాతదే. పొరపాటు ఏమీ లేదు. పాట్రోని ఆ పారామీటర్‌ని ఎట్‌సీడీ అనే స్టోర్‌లో ఉన్న క్లస్టర్ కాన్ఫిగరేషన్ నుంచి తీసుకుని, పోస్ట్‌గ్రెస్‌ని లేపేటప్పుడు కమాండ్ లైన్‌లోనే ఇస్తుంది. కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువ ముందు ఆల్టర్ సిస్టమ్ రాసే ఆటో కాన్ఫ్ ఫైల్ చెల్లదు. మార్చాలంటే పాట్రోని ద్వారానే, 'పాట్రోనిసీటీఎల్ ఎడిట్-కాన్ఫిగ్' లాంటి కమాండ్‌తో మార్చాలి.

మొదట్లో ఇది నాకు పెత్తనంలా అనిపించింది. తర్వాత కారణం అర్థమైంది. స్టాండ్‌బైలో మ్యాక్స్_కనెక్షన్స్ ప్రైమరీ కంటే తక్కువ ఉండకూడదు. పెంచేటప్పుడు ముందు స్టాండ్‌బైలో పెంచాలి, తగ్గించేటప్పుడు ముందు ప్రైమరీలో తగ్గించాలి. ఈ వరస తప్పితే, వెర్షన్ 13 వరకు స్టాండ్‌బై పడిపోయేది. 14 నుంచి పడిపోకుండా రికవరీ పాజ్ అవుతుంది. నిద్రమత్తులో ఉన్న మనిషి ఈ వరస తప్పడం చాలా తేలిక. అలాంటి సెట్టింగ్‌ని టూల్ తన దగ్గరే పెట్టుకోవడం మంచిదే.

కానీ ఫెయిలోవర్ ఆటోమేటిక్ చేసే ముందు, 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో ఏం జరిగిందో వాళ్లే రాసిన వివరణ చదవండి. అది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ఫెయిలోవర్ చూసుకునే టూల్ ఆర్కెస్ట్రేటర్. అమెరికా తూర్పు తీరంలోని డేటా సెంటర్‌కి నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. ఆర్కెస్ట్రేటర్ తనకి చెప్పినట్టే పశ్చిమ తీరంలో కొత్త ప్రైమరీలని నిలబెట్టింది. అప్పటికే తూర్పున పడిన కొన్ని రైట్లు పశ్చిమానికి చేరలేదు, పశ్చిమాన కొత్త రైట్లు మొదలయ్యాయి. రెండూ వేరు వేరు దారుల్లో వెళ్లిపోయాయి. సర్వీస్ మళ్ళీ మామూలు స్థితికి రావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. టూల్ తన పని సరిగ్గానే చేసింది. ఒక తీరం దాటి ఇంకో తీరానికి ప్రైమరీని మార్చొచ్చని దానికి సెట్టింగ్‌లో అనుమతి ఉంది, అప్లికేషన్ మాత్రం ఆ దూరానికి సిద్ధంగా లేదు.

రాత్రి_షిఫ్ట్:

పాత_డీబీఏ సార్, మీరు చెప్పాక డీజీఎంజీఆర్‌ఎల్‌లో పట్టిక తీసి చూశాను. ఖాళీగా లేదు. మూడు నెలల్లో నేను చేత్తో మార్చినవి మూడు కనిపించాయి. అందులో నెట్_టైమౌట్ ఒకటి. మెమరీలో 15, ఎస్‌పీ ఫైల్లో 15, బ్రోకర్ దగ్గర 30. ఎప్పుడు మార్చానో కూడా గుర్తుంది, ఒక నెట్‌వర్క్ సమస్య రాత్రి.

ఫాస్ట్-స్టార్ట్ ఫెయిలోవర్ మీద మీ మాట చెప్పండి. మా డేటా సెంటర్ల మధ్య లింక్ అప్పుడప్పుడు అర నిమిషం వరకు పోతుంది.

పాత_డీబీఏ:

అర నిమిషం పోయే లింక్ మీద, డిఫాల్ట్ థ్రెషోల్డ్‌తో మాత్రం పెట్టొద్దు. ఫాస్ట్‌స్టార్ట్‌ఫెయిలోవర్‌థ్రెషోల్డ్ (ప్రైమరీ అందకపోతే ఫెయిలోవర్‌కి ముందు ఆగే సమయం) డిఫాల్ట్ 30 సెకన్లే. మీ లింక్ పోయే సమయం, అది నిర్ణయం తీసుకునే సమయం రెండూ ఒకే అంచున ఉంటాయి. అబ్జర్వర్‌ని (ప్రైమరీని కనిపెట్టుకుని ఉండి ఫెయిలోవర్ మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఎక్కడ పెడతారన్నది ఇంకా ముఖ్యం. ప్రైమరీ ఉన్నచోట పెడితే ఆ సెంటర్ పోయినప్పుడు అదీ పోతుంది. స్టాండ్‌బై ఉన్నచోట పెడితే, లింక్ పోయిన ప్రతిసారీ వాళ్లిద్దరికీ కలిపి ప్రైమరీ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. మూడో చోటు కావాలి. మూడో చోటు లేకపోతే ఆ ఫీచర్ మీకు కాదని మేనేజర్‌కి నేరుగా చెప్పండి, వెనకాడొద్దు.

మూడో చోటు దొరికితే, 19సీలో 'అబ్జర్వ్ ఓన్లీ' అని ఒక మోడ్ ఉంది. ఫెయిలోవర్ నిజంగా చేయదు, ఏ క్షణాన చేసి ఉండేదో లాగ్‌లో రాస్తుంది. రెండు నెలలు అలా నడపండి. ఆ లాగ్‌ని మీ లింక్ పోయిన సమయాలతో పక్కపక్కన పెట్టి చూస్తే, థ్రెషోల్డ్ ఎంత ఉండాలో మీకే తెలుస్తుంది.

రాత్రి_షిఫ్ట్:

అప్‌డేట్ ఇస్తున్నాను. బ్రోకర్‌ని ఉంచాలని నిర్ణయించాను. పాత కాన్ఫిగరేషన్ తీసేసి, మొదటి నుంచి టెస్ట్‌లో కట్టాను. స్టాండ్‌బైని కలపబోతే ఓరా-16698 వచ్చింది. లాగ్_ఆర్కైవ్_డెస్ట్_2లో నా పాత సర్వీస్ విలువ ఇంకా ఉంది. అది ఖాళీ చేశాకే కలుపుకుంది. మొదట చిరాకేసింది. తర్వాత ఆలోచిస్తే, నా విలువ ఉండగా తన విలువ రాయను అని అది ముందే తేల్చి చెప్పడం నచ్చింది.

'వ్యాలిడేట్ డేటాబేస్' స్టాండ్‌బై రీడో లాగ్‌లు చాలవని చూపించింది. ప్రైమరీలో నాలుగు గ్రూపులు ఉంటే స్టాండ్‌బైలోనూ నాలుగే పెట్టి ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను గమనించలేదు. ఐదోది చేర్చాను. మొదటి స్విచోవర్‌లో రోల్స్ మారాయి కానీ పాత ప్రైమరీ లేవలేదు, ఓరా-12541 (అక్కడ లిజనర్ లేదు అనే ఎర్రర్). సార్ చెప్పిన స్టాటిక్ ఎంట్రీయే. ఎంట్రీ ఉంది, కానీ మా లిజనర్ 1526 పోర్ట్ మీద ఉంటే బ్రోకర్ 1521కి వెళ్లింది. స్టాటిక్‌కనెక్ట్‌ఐడెంటిఫయర్ (ఆ ఎంట్రీని చేరడానికి బ్రోకర్ వాడే చిరునామా) సరిచేశాను. కమాండ్‌లైన్ గారూ, ఆ రోజు పాత ప్రైమరీని చేత్తోనే లేపాను, మీరన్న మాట గుర్తొచ్చింది. రెండోసారి అటూ ఇటూ రెండు స్విచోవర్లూ దానంతటదే పూర్తి చేసింది.

ప్రొడక్షన్‌లో నిన్న రాత్రి మార్చాం. రెండు వైపులా ఫ్లాష్‌బ్యాక్ ఆన్ చేశాను. నా పాత స్క్రిప్టుల్లో ఆల్టర్ సిస్టమ్‌తో డెస్ట్‌ని, ఎంఆర్‌పీని ముట్టుకునే లైన్లన్నీ తీసేసి, వాటి చోట డీజీఎంజీఆర్‌ఎల్ కమాండ్లు పెట్టాను. మానిటరింగ్‌లో ఇన్‌కన్సిస్టెంట్ ప్రాపర్టీస్ పట్టిక ఖాళీగా లేకపోతే ఫోన్‌కి అలర్ట్ వచ్చేలా చేశాను. ఫెయిలోవర్ మాత్రం ప్రస్తుతానికి మనిషి చేతిలోనే. మూడో చోటు కోసం అడిగాను, ఇంకా జవాబు రాలేదు.

వచ్చే శనివారం ఇంకో రిలీజ్ ఉంది. ఈసారి అప్లై-ఆఫ్ పెట్టాక, స్టాండ్‌బైని నేనే ఒకసారి కావాలని రీబూట్ చేసి చూస్తాను.